సోరోరిటీ రిక్రూట్‌మెంట్ చివరి రౌండ్‌లో ఒక్క పేరే రాయాలా, రెండూ రాయాలా?

రెండిట్లోనూ చేరగలననిపిస్తే రెండూ రాయండి. సోరోరిటీలంటే అమెరికా కాలేజీల్లోని విద్యార్థినుల సంఘాలు; వీటి ఎంపిక చివరిదైన ప్రిఫరెన్స్ రౌండ్‌కి వచ్చేసరికి మామూలుగా రెండుకు మించి మిగలవు. వాటిని ఇష్టం ప్రకారం 1, 2 అని రాసి సంతకం చేయాలి. సోరోరిటీలూ తమ జాబితాలు ఇస్తాయి, కంప్యూటర్ రెండు వైపులనూ కలుపుతుంది. మొదటి చోట కుదరకపోతేనే రెండోది చూస్తారు. కాబట్టి రెండో పేరు రాసినంత మాత్రాన మొదటి అవకాశం తగ్గదు. చాలామంది అమ్మాయిలు ఇక్కడే అనవసరంగా టెన్షన్ పడతారు, పాపం. ఒక్కటే రాస్తే, అక్కడ రాకపోతే చేతిలో ఏమీ ఉండదు.

అయితే ఆ సంతకానికి విలువుంది. రాసిన చోటి నుంచి పిలుపొచ్చాక వద్దంటే, అదే క్యాంపస్‌లో సోరోరిటీల ఉమ్మడి సంస్థ అయిన నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్ కిందున్న మరో సోరోరిటీలో వచ్చే ఏడాది ప్రధాన రిక్రూట్‌మెంట్ దాకా చేరలేరు. అందుకే అస్సలు ఇష్టం లేని పేరు మాత్రం రాయకండి.