పిట్టని నీ దగ్గరికి రానీ

అమ్మడూ,

నువ్వు పంపిన పిచ్చుక ఫొటోలు చూశాను. అన్నిట్లోనూ పిట్ట చుక్కంతే ఉంది, సగం వాటిలో ఎగిరిపోతోంది. ఇంకా పెద్ద లెన్స్ కొనాలా అని అడిగావు కదా, ఇప్పుడే వద్దు. నీ 300 ఎం.ఎం. చాలు. నువ్వు పిట్ట వైపు నడవడం మానెయ్, అదే వస్తుంది.

వెడల్పాటి మూకుడులో రెండు మూడు సెంటీమీటర్ల లోతు నీళ్లు పోసి పెరట్లో పెట్టు. రోజూ మార్చాలి సుమా. గింజలకి గింజలు తినేవే వస్తాయి, నీళ్లకైతే పురుగులు తినేవీ వస్తాయి. మూకుడు పక్కనే ఒక ఎండుకొమ్మ గుచ్చు. చాలా పిట్టలు నేరుగా నీళ్లలోకి దిగవు. ముందు పక్కన వాలి, అటూ ఇటూ చూసుకుని దిగుతాయి. ఫొటో దొరికేది అప్పుడే. కొమ్మ వెనక నాలుగైదు మీటర్లు ఖాళీ ఉంచు. గోడకి ఆనించి పెడితే గోడ మీది మరకలన్నీ పిట్టతో పోటీపడతాయి. ఇంకోటి, నీ లెన్స్ ఎంత దగ్గర వరకు ఫోకస్ చేస్తుందో చూసుకుని మరీ కొమ్మ చోటు నిర్ణయించు.

నువ్వు కిటికీ తెర వెనక కూర్చో, గదిలో లైటు ఆర్పెయ్. కెమెరా పిట్ట కంటి ఎత్తులో ఉండాలి. పైనుంచి తీస్తే వీపే వస్తుంది. మొదటి రోజు ఏదీ రాకపోవచ్చు, దానికి టెన్షన్ పడకు.

ఫోకస్ కంటి మీదే. మూడు మీటర్ల దూరంలో ఎఫ్ 5.6 (లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకుందో చెప్పే అంకె) దగ్గర స్పష్టంగా వచ్చే లోతు రెండు మూడు సెంటీమీటర్లే, అందుకే పిట్ట పక్కకి తిరిగినప్పుడు నొక్కితే ముక్కు నుంచి తోక దాకా బాగా వస్తుంది. షట్టర్ వేగం సెకనులో 1/1000 వంతు కన్నా తగ్గనివ్వకు. వెలుతురు చాలకపోతే ఐఎస్‌ఓ, అంటే వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి, పెంచు. కాస్త గరుకుగా వస్తే రానీ, కదిలిపోయిన ఫొటోని బాగుచెయ్యడం నా వల్ల కూడా కాదు. ఫ్రేము నిండా కాకి ఉంటే ఎక్స్‌పోజర్ (ఫొటోకి అందే వెలుతురు) కొంచెం తగ్గించు, లేకపోతే కెమెరా దాన్ని బూడిద రంగు చేసేస్తుంది.

గూడు జోలికి మాత్రం పోకు. గూడు కనపడాలని ఆకులు పక్కకి తీసేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. అడ్డం తీసేస్తే పిల్లలు ఎండకీ కాకులకీ దొరికిపోతాయి. ఫోన్‌లో కూతలు వినిపించి పిలవడం కూడా వద్దు. పోటీకి ఇంకో పిట్ట వచ్చిందనుకుని అవి తిండి మాని కంగారుపడతాయి.

ఈసారి ఫొటోలు కత్తిరించకుండా పంపు. ఎంత దూరం నుంచి తీశావో కూడా రాయి.

మామయ్య