రంగుకు ముందు రేకులు విప్పేటప్పుడు

చిరంజీవికి,

పెదనాన్న ఆశీస్సులు. నీ 1966 ఎంజీబీకి, ఆ పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారుకి, కొత్త రంగు వేయించడం మంచి ఆలోచనే. కానీ పెయింటరు "ఏమీ విప్పక్కర్లేదు సార్, టేపు అంటించి కొట్టేస్తా" అన్నాడని రాశావు, ఆ మాట మాత్రం వినకు. తలుపులు, బానెట్టు, డిక్కీ మూత, ముందు ఫెండర్లు రెండూ విప్పించాకే రంగు. చెన్నైలో సముద్రం పక్కనున్న తిరువాన్మియూరు ఉప్పుగాలిలో నిలబడే బండి అది. తుప్పు మొదలయ్యేది రెండు రేకులు కలిసే అంచుల్లో, కంటికి కనపడని చోట. ఆ అంచు తెరిచి శుభ్రం చేయకుండా పైన ఎంత ఖరీదైన రంగు కొట్టినా ఒకటి రెండు వానాకాలాల్లో బుడగలు లేస్తాయి.

వెనక ఫెండర్ల జోలికి మాత్రం పోవద్దు. ఈ బండికి విడిగా ఛాసిస్ లేదు, బాడీయే ఛాసిస్. వెనకవి వెల్డింగుతో కలిసిపోయినవి, ముందువే బోల్టుల మీద నిలబడతాయి.

పానా పట్టుకునే ముందు రేకుకీ రేకుకీ మధ్య సందులు కొలువు. బండి నాలుగు చక్రాల మీద, సమంగా ఉన్న నేల మీద ఉండాలి. జాకీ ఎత్తి కొలిస్తే లెక్క తప్పుతుంది, ఎందుకంటే పైకప్పు లేని బండి బాడీ కొంచెం వంగుతుంది. 3, 4, 5 మిల్లీమీటర్ల డ్రిల్లు బిట్ల వెనక వైపు సందులోకి దూర్చి, ఏది బిగుతుగా జారితే ఆ అంకె టేపు మీద రాసి అక్కడే అంటించు. తలుపుకి ముందు, వెనక, కింద, బానెట్టుకి రెండు పక్కలా కొలిచి ఫోన్లో ఫోటోలు తీసిపెట్టు. రంగంతా అయ్యాక "ముందు కూడా ఇలాగే ఉండేది" అని ఎవరైనా అంటే చూపించడానికి ఆ ఫోటోలే ఆధారం.

మడతబందుల చుట్టూ మార్కరుతో గీత గీయడం చాలామంది చేసే పని. రంగు ఊడదీసే రసాయనం తగలగానే ఆ గీత పోతుంది. దాని బదులు మడతబందు, దాని కింది రేకు రెండింటినీ కలిపి 3 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి వెయ్యి. మళ్ళీ బిగించేటప్పుడు అదే బిట్టు ఆ రంధ్రంలో దూరిస్తే మడతబందు పాత చోటికే వస్తుంది. మడతబందుల వెనక సందు సరిచేసే పలచటి రేకు ముక్కలు (షిమ్ములు) ఉంటే ఏది ఎక్కడిదో రాసి, ఆ మడతబందుకే తీగతో కట్టెయ్యి.

ఇక బ్యాటరీ. సీట్ల వెనక 6 వోల్టులవి రెండు ఉంటాయి. 1967 దాకా వచ్చిన ఎంజీబీల్లో పాజిటివ్ బాడీకి కలిపి ఉంటుంది, నీదీ అంతే. అలవాటు కొద్దీ నెగటివ్ ముందు తీస్తే, పానా బాడీకి తగిలినప్పుడు నిప్పురవ్వలు లేస్తాయి. ఎవరైనా మధ్యలో మార్చి ఉండొచ్చు కాబట్టి కళ్ళతో చూసి, బాడీకి వెళ్ళే వైరు ఏదైతే అది ముందు విప్పు. లైట్ల వైర్లు ఊడదీసేటప్పుడు రంగుతో సహా చీటీ కట్టు. నీలం హెడ్‌లైటు, అందులో తెల్ల గీత ఉంటే హై బీమ్, ఎర్ర గీత ఉంటే డిమ్. ఎరుపు పార్కింగ్ లైటు. నలుపు ఎర్త్.

పానాలు అంగుళాల సెట్టు కొనుక్కో. చెన్నై ప్యారీస్ కార్నర్ హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి. ఈ పనికి ఎక్కువగా కావలసినవి 7/16, 1/2. 13 మిల్లీమీటర్ల పానా 1/2 తలకు పట్టినట్టే అనిపిస్తుంది, కానీ 1/2 అంటే 12.7. తుప్పు పట్టిన తల మీద ఆ తేడా చాలు మూలలు అరిగిపోవడానికి. సాకెట్ ఆరు మూలలదే తీసుకో, పన్నెండు మూలలది వద్దు.

అసలు కష్టమంతా ఫెండరు బోల్టులతోనే. ముందురోజు సాయంత్రం వైరు బ్రష్షుతో మరలు తోమి తుప్పు వదిలించే ఆయిలు పొయ్యి. ఆటోమేటిక్ గేరు ఆయిలు, అసిటోను సగం సగం కలిపినా బాగా పనిచేస్తుంది, కాకపోతే నిప్పు దగ్గరికి రానివ్వకు. పొద్దున మొదట బిగించే వైపు రవ్వంత తిప్పు. "టక్" మని వదిలితే అప్పుడు విప్పు. పావు చుట్టు వెనక్కి, కొంచెం ముందుకి, మళ్ళీ ఆయిలు. ఒకే ఊపులో లాగితే సగానికి విరుగుతుంది. గ్యాస్ మంట పెట్టమని టింకరింగ్ వాళ్ళు తొందరపెడతారు. ఫెండరు లోపల పూసిన తారు అంటుకుంటుంది, ఇంజను దగ్గర పెట్రోలు పైపు ఉంది. హాట్ ఎయిర్ గన్నుతో సరిపెట్టమను.

బోల్టుతో పాటు లోపలి కేజ్ నట్టు (రేకు గూట్లో కూర్చున్న నట్టు) కూడా తిరిగిపోతుంటే ఆపెయ్యి. ఇంకా తిప్పితే దాన్ని పట్టుకున్న రేకు చిరుగుతుంది. గ్రైండరుతో బోల్టు తల కోసెయ్యడమే మేలు, నట్టు తర్వాత మార్చుకోవచ్చు. విరిగిన బోల్టుకి నడిమధ్యలో పంచ్ కొట్టి డ్రిల్లు చెయ్యి. 1/4 అంగుళం యూఎన్‌ఎఫ్ (సన్న పళ్ళ అంగుళాల రకం) మరకు 5.5 మిల్లీమీటర్ల బిట్టు, 5/16కి 6.9. పాత విడిభాగాలు అమ్మే పుదుపేటలో చేతికందిన 8 మిల్లీమీటర్ల బోల్టు తెచ్చి 5/16 రంధ్రంలో తోసి బిగించేస్తారు. ఒప్పుకోకు. మర సగం తెగి, పట్టు లేకుండా పోతుంది.

బంపరు, గ్రిల్లు, హెడ్‌లైట్లు, పక్కన క్రోము పట్టీ తీశాకే ఫెండరు వంతు. పై అంచు వెంట ఉన్న బోల్టుల వరస కనిపిస్తూనే ఉంటుంది. చక్రం వెనకున్న మట్టి అడ్డు రేకు విప్పితే తలుపు స్తంభానికి పట్టినవి దొరుకుతాయి. కొన్ని బండి లోపలి నుంచే, డాష్‌బోర్డు కింద కాళ్ళు పెట్టుకునే చోటి నుంచి అందుతాయి. మరిచిపోయేది వాటినే. అన్నీ తీశాక కూడా పాత సీలరు పట్టి ఉంచుతుంది. వేడి చేసి లప్పం బ్లేడు దూర్చుతూ పో, స్క్రూడ్రైవరుతో మీటకు. ఒక కొన కదిలి ఇంకో కొన కదలకపోతే అక్కడ ఇంకా బోల్టు ఉందని అర్థం.

ఫెండరు ఊడగానే ఆ మట్టి అడ్డు రేకు వెనక చూడు. ఏళ్ళ తరబడి చేరిన తడి మట్టి స్తంభం అడుగునా, తలుపు కింద పొడవునా సాగే పెట్టెలాంటి సిల్లు ముందు కొసనా ముద్దగా ఉంటుంది. గీకేసి స్క్రూడ్రైవరు మొనతో పొడువు. దిగిపోతే అక్కడ వెల్డింగు తప్పదు. సిల్లు కోయాల్సి వస్తే కోయకముందే తలుపు ఖాళీలో అడ్డంగా ఇనుప పైపు వెల్డ్ చేయించు. ఈ బండి బలమంతా సిల్లుల్లోనే ఉంది. పైపు లేకుండా కోస్తే నడుం వంగిపోయి, తలుపు ఇక ఎప్పటికీ సరిగ్గా పడదు.

బానెట్టు అల్యూమినియంది. అయస్కాంతం పెట్టి చూసుకో, అంటకపోతే అదే. తీయడానికి ఇద్దరు కావాలి, వెనక మూలలకి మందపాటి గుడ్డ కట్టాలి. దాని మీద కాస్టిక్ సోడా కలిసిన రంగు రిమూవరు వాడితే లోహాన్నే తినేస్తుంది. ఇసుక బ్లాస్టింగు చేస్తే రేకు మెలితిరుగుతుంది.

బోల్టులు డబ్బాలో కలిపెయ్యకు. అట్టముక్క మీద ఫెండరు ఆకారం గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చిపెట్టు.

చెన్నై తేమకి తోమిన రేకు ఒక్క రాత్రిలో ఎర్రబడుతుంది. అందుకని రోజుకి ఎంత తోమగలరో అంతే తోమి, అదే రోజు ఎపాక్సీ ప్రైమరు కొట్టించు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ పని పెట్టుకోకు. బోల్టులకి పోసిన ఆయిలు మరక ఎక్కడ మిగిలినా రంగు గుంటలు పడుతుంది, కాబట్టి ప్రైమరుకి ముందు థిన్నరుతో రెండుసార్లు తుడిపించు.

ప్రైమరు ఆరాక, రంగుకి ముందు అన్నీ ఒకసారి బిగించి చూడాలి. ఇది మానొద్దు. కదలని వెనక ఫెండరుకి తలుపు సరిచెయ్యి, తలుపుకి ముందు ఫెండరు, రెండు ఫెండర్లకీ బానెట్టు. ఫెండరు బోల్టులన్నీ సందులు కుదిరేదాకా వేలిబిగువు మీదే ఉండాలి. లప్పం పెట్టాల్సి వస్తే ఇప్పుడే పెట్టించు. రంగు పూర్తిగా గట్టిపడ్డాక సిల్లుల లోపలా ఫెండరు అంచుల్లోనూ మైనం స్ప్రే కొట్టించు, కింద నీళ్ళు కారే రంధ్రాలు మూసుకుపోకుండా చూసుకో. పాత రంగు కాక వేరే రంగు ఎంచుకుంటే ఆర్‌సీలో మార్పించుకోవాలి.

సందుల కొలతలు రాయగానే ఫోటోలు నాకు పంపు. చూసి చెప్తాను, ఆ తర్వాత మొదటి బోల్టు విప్పుదువుగాని.

ఇట్లు,
పెదనాన్న