కొత్తగా విడుదలైన కారు కొనొచ్చా? ఇబ్బంది పెట్టే బండిని ముందే ఎలా పసిగట్టాలి?

కొత్తగా వచ్చిన ఎస్‌యూవీ బుక్ చేద్దామనుకుంటే స్నేహితుడు ఆగమంటున్నాడు, ఏం చేయాలి అని అడిగారు. మీ స్నేహితుడు చెప్పింది నిజమేనండి. మార్కెట్లోకి వచ్చి రెండు నెలలే అయిన ఎస్‌యూవీని, అందులోనూ టర్బో (ఇంజిన్‌లోకి గాలిని బలంగా నెట్టే అమరిక) ఉన్న పెట్రోల్ ఆటోమేటిక్‌ని, రోజూ మియాపూర్ నుంచి హైటెక్ సిటీ దాకా ట్రాఫిక్‌లో నడపడానికి ఇప్పుడే బుక్ చేయొద్దనే నేనూ అంటాను. ఆ మోడల్ చెడ్డదని నా ఉద్దేశం కాదు. అది మంచిదో చెడ్డదో తేల్చే ఆధారం ఇంకా ఎవరి దగ్గరా లేదు. మీరు పదిహేను లక్షలు పోసి ఆ పరీక్ష మీ మీదే చేయించుకోనక్కర్లేదు.

మా బావకి ఖమ్మంలో గ్యారేజీ ఉంది. అన్ని కంపెనీల బండ్లూ వస్తాయి. చుట్టాల్లో ఎవరు కారు కొన్నా షోరూమ్‌కి నన్ను వెంటబెట్టుకుని వెళ్తారు, నేను ముందు బావని అడిగి వెళ్తాను. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఏమిటంటే, "ఏ కంపెనీ మంచిది?" అని అడిగితే పనికొచ్చే జవాబు రాదు. ఒకే కంపెనీ, ఒకే మోడల్ బండ్లు రెండు పక్కపక్కనే నిలబడి ఉంటాయి. ఒకటి లక్ష కిలోమీటర్లు దాటి ఆయిల్ మార్పించుకోవడానికి వస్తుంది, రెండోది అందులో సగం కూడా తిరగకుండానే గేర్‌బాక్స్ విప్పించుకుంటుంది. తేడా అంతా బానెట్ కింద ఉన్న ఇంజిన్, గేర్‌బాక్స్ జోడీలో ఉంటుంది. అందుకే మీరు అడగాల్సింది ఇది: ఈ ఇంజిన్, ఈ గేర్‌బాక్స్ కలిసి మన రోడ్ల మీద ఎన్నేళ్ల నుంచి తిరుగుతున్నాయి?

పేరున్న కంపెనీ అయితే చాలు అనుకోకండి. 2021 సెప్టెంబరులో మారుతి సుజుకి 1,81,754 పెట్రోల్ బండ్లను వెనక్కి పిలిచింది. సియాజ్, ఎర్టిగా, విటారా బ్రెజా, ఎస్-క్రాస్, ఎక్స్‌ఎల్6 బండ్లలో మోటార్ జనరేటర్ యూనిట్ అనే విద్యుత్ భాగాన్ని పరీక్షించడానికి. 2023 ఆగస్టులో మహీంద్రా 1,08,306 ఎక్స్‌యూవీ700 బండ్లను పిలిచి ఇంజిన్ దగ్గరి వైరింగ్ రాసుకుపోతోందేమో చూసింది. ఆ బండ్లన్నీ 2021 జూన్ నుంచి 2023 జూన్ మధ్య తయారైనవి. ఆ మోడల్ వచ్చిందే 2021లో. అంటే మొదటి రెండేళ్లలో కొన్నవాళ్లు దాదాపు అందరూ సర్వీస్ సెంటర్‌కి వెళ్లాల్సి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో హ్యుందాయ్ 7,698 క్రెటా, వెర్నా బండ్లను పిలిచింది. సీవీటీ అనే రకం ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఆయిల్ పంపు కంట్రోలర్ కోసం. అదే క్రెటా మాన్యువల్ కొన్నవాళ్లకి ఆ బాధే లేదు. నేను జోడీ చూడమంటున్నది ఇందుకే.

బండిని వెనక్కి పిలిచారంటే ఆ కంపెనీ మోసం చేసిందని కాదండి. తప్పు ఒప్పుకుని ఉచితంగా సరిచేసే కంపెనీని నేను గౌరవిస్తాను. కానీ ఆ జాబితాలు చదివితే ఏ మోడల్‌లో, ఏ నెలల మధ్య తయారైన బండ్లలో, ఏ భాగం ఇబ్బంది పెట్టిందో తెలుస్తుంది.

ఇప్పుడు గేర్‌బాక్స్ సంగతి, ఎందుకంటే మీరు చూస్తున్నది ఆటోమేటిక్, అసలు ప్రమాదం అక్కడే. ఆటోమేటిక్ అని అందరూ ఒకే మాట అంటారు గానీ వాటిలో ముఖ్యంగా నాలుగు రకాలున్నాయి. ఏఎంటీ అంటే మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ నొక్కి గేరు మార్చే పని మాత్రం యంత్రం చేస్తుంది. కాస్త కుదుపు ఉంటుంది కానీ రిపేరు సులువు. టార్క్ కన్వర్టర్ పాత పద్ధతి, ఆయిల్ ద్వారా శక్తి పంపుతుంది, నిదానంగా పాకే ట్రాఫిక్‌ని బాగా తట్టుకుంటుంది. సీవీటీ బెల్టు మీద నడుస్తుంది, సిటీలో హాయిగా ఉంటుంది. నాలుగోది డ్యూయల్ క్లచ్, అంటే రెండు క్లచ్‌లు ఉండేది. హైవే మీద దాని వేగం, మృదుత్వం వేరు. కానీ అందులో డ్రై క్లచ్ రకం అయితే మన జామ్‌లలో అంగుళం అంగుళం కదిలేటప్పుడు క్లచ్ సగం పట్టి సగం వదిలి జారుతూనే ఉంటుంది. పుట్టిన వేడిని లాగేయడానికి అక్కడ ఆయిల్ ఉండదు. ఆయిల్‌లో మునిగి ఉండే వెట్ క్లచ్ రకం ఈ విషయంలో నయం.

ఇది మన దేశంలో మాత్రమే వచ్చిన గొడవ కాదు. ఫోర్డ్ పవర్‌షిఫ్ట్ అనే డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ మీద వచ్చిన ఫిర్యాదులతో వ్యవహరించిన తీరుకి 2018లో ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు అక్కడి ఫోర్డ్‌కి కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. మన దగ్గర ఎకోస్పోర్ట్ పెట్రోల్ ఆటోమేటిక్‌లో కూడా మొదట డ్యూయల్ క్లచ్చే ఉండేది. 2017లో రూపం మార్చినప్పుడు దాని బదులు టార్క్ కన్వర్టర్ పెట్టారు.

మా పెదనాన్నగారి అబ్బాయి కొండాపూర్‌లో ఉంటాడు. కంపెనీ పేరు చెప్పను, అతని బండి డ్యూయల్ క్లచ్. వేసవిలో సాయంత్రం ట్రాఫిక్‌లో గేర్‌బాక్స్ వేడెక్కిందని డాష్‌బోర్డ్ మీద హెచ్చరిక వచ్చేది, పక్కకి తీసి ఆపుకోవాల్సి వచ్చేది. వెనక సీట్లో చిన్నపిల్ల. సర్వీస్ సెంటర్‌లో ప్రతిసారీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి పంపేవాళ్లు. చివరికి క్లచ్ మార్చాలన్నారు, ఆ భాగం రావడానికి వారాలు పట్టింది. వారంటీలో ఉంది కాబట్టి డబ్బు పోలేదు. కానీ ఆ టెన్షన్‌ని ఏ వారంటీ భర్తీ చేస్తుంది చెప్పండి? బండి ఎక్కాలంటేనే మా వదినకి భయం పట్టుకుంది.

డీజిల్ తీసుకుందామా అని కూడా అడిగారు. మీ వాడకానికి వద్దండి. బీఎస్6 కాలుష్య నిబంధనల ప్రకారం తయారైన డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. పట్టిన మసిని కాల్చి శుభ్రం చేసుకోవాలంటే దానికి బాగా వేడి కావాలి. అంటే అప్పుడప్పుడు కొంతసేపు హైవే మీద ఆపకుండా నడపాలి. రోజూ ఎనిమిది, పది కిలోమీటర్లు ఆగుతూ ఆగుతూ వెళ్లే బండికి ఆ అవకాశం రాదు. ఫిల్టర్ నిండిపోతుంది, లైటు వెలుగుతుంది, ఇంజిన్ శక్తి తగ్గించేస్తుంది. అదే బండిని విజయవాడ, హైదరాబాద్ మధ్య వారం వారం తిప్పేవాళ్లకి ఏ గొడవా ఉండదు. మా బావ దగ్గరికి వచ్చే డీపీఎఫ్ కేసులు చాలావరకు ఊళ్లోనే తిరిగే బండ్లవి. బండి చెడ్డదని తిడతారు గానీ, ఆ వాడకానికి ఆ బండి కాదు.

మరి నిజం ఎవరు చెప్తారు? విడుదల రోజుల్లో యూట్యూబ్‌లో వచ్చే వీడియోలు చాలావరకు కంపెనీ పిలిచి ఒకటి రెండు రోజులు ఇచ్చిన బండ్ల మీద తీసినవి. సీట్లు, సౌండ్, సన్‌రూఫ్ గురించి చెప్పగలరు, మూడో ఏడాది గురించి చెప్పలేరు. భారత్ ఎన్‌క్యాప్ స్టార్లు మంచివే, తప్పక చూడండి, కానీ అవి గుద్దుకుంటే లోపలివాళ్లు ఎంత క్షేమమో చెప్తాయి. బండి మొరాయిస్తుందా లేదా అన్నది వాటి పని కాదు.

నేను చేసే పని ఒకటుంది. మామూలు రోజు పొద్దున్నే ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్తాను. బండ్లు అప్పగించడానికి వచ్చిన ఓనర్లతో మాట కలుపుతాను. "ఎలా ఉందండీ బండి?" అంటే చాలు, మనవాళ్లు దాచుకోరు. ఎన్ని వేల కిలోమీటర్లు తిరిగింది, సర్వీస్ కాకుండా రిపేరుకి ఎందుకొచ్చారు అని అడగండి. సర్వీస్ అడ్వైజర్‌ని బంపర్, హెడ్‌లైట్, గేర్‌బాక్స్ భాగాలు ఎన్నాళ్లలో వస్తాయో అడగండి. షోరూమ్‌లో సేల్స్ అబ్బాయి చెప్పేదానికీ ఇక్కడ వినేదానికీ చాలా తేడా ఉంటుంది. ట్రావెల్స్ వాళ్లని కూడా అడగండి. ఊరూరా డిజైర్, ఎర్టిగా, ఇన్నోవాలే ఎందుకు కనిపిస్తాయి? బండి ఒక రోజు ఆగితే వాళ్లకి ఆ రోజు తిండి పోతుంది కాబట్టి.

కొత్త పేరుతో వచ్చిన ప్రతి బండీ కొత్తది కాదని కూడా గుర్తుంచుకోండి. టయోటా గ్లాంజా కొత్తగా వచ్చిన రోజున కూడా లోపల ఉన్నది అప్పటికే బాగా తిరిగిన బాలెనోనే. అలాంటి బండి మొదటి నెలలో కొన్నా నాకు అభ్యంతరం లేదు. ఇంజిన్, గేర్‌బాక్స్, కింది నిర్మాణం మూడూ కొత్తవైతేనే కనీసం రెండేళ్లు ఆగమంటాను.

మోడల్ ఖాయం చేశాక కూడా మీకిచ్చే ఆ ఒక్క బండిని స్టాక్‌యార్డ్‌లోనే చూడండి. పూర్తి డబ్బు కట్టకముందే, ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్ మీ పేరు మీద అవ్వకముందే. తర్వాత వద్దంటే వినరు. తయారైన నెల చూడండి. టైరు మీద నాలుగు అంకెలుంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో బండ్లు మునిగాయి. వానాకాలం తర్వాత కొనేటప్పుడు సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగి చూడండి, కార్పెట్ కింద చెయ్యి పెట్టి చూడండి. మట్టి, తడి వాసన తెలిసిపోతాయి.

కొన్నాక సమస్య వస్తే నోటిమాటతో వదలొద్దు. పదే పదే చెడిపోయే కొత్త బండిని కంపెనీ వెనక్కి తీసుకునేలా చేసే అమెరికా లాంటి లెమన్ చట్టం మన దేశంలో లేదు, మీ కాగితాలే మీ బలం. ప్రతిసారీ జాబ్ కార్డ్ (సర్వీస్ సెంటర్‌లో మీ ఫిర్యాదు రాసుకునే కాగితం) రాయించండి, సమస్య మీ మాటల్లోనే ఉండాలి. "జనరల్ చెకప్" అని రాస్తే సంతకం పెట్టొద్దు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్, 50 లక్షల దాకా చెల్లించిన వస్తువుల కేసులు అక్కడే వేయొచ్చు, సమస్య మొదలైన రెండేళ్లలోపు వేయాలి.

మీకైతే నా సలహా: అదే బడ్జెట్‌లో, వచ్చి కనీసం రెండేళ్లయిన మోడల్, టర్బో లేని పెట్రోల్ ఇంజిన్, టార్క్ కన్వర్టర్ గానీ సీవీటీ గానీ. ఎక్స్‌టెండెడ్ వారంటీ తప్పకుండా తీసుకోండి. ఆ కొత్త ఎస్‌యూవీ మీదే మనసుంటే, వెయిటింగ్ ఎంతుందో, బుకింగ్ రద్దు చేస్తే డబ్బు మొత్తం వెనక్కి ఇస్తారో లేదో రసీదు మీద రాయించుకున్నాకే కట్టండి. మీ లిస్టులో ఇంకేవి ఉన్నాయో రాస్తే, వాటి ఇంజిన్, గేర్‌బాక్స్ గురించి బావని అడిగి చెప్తాను.