జలుబు చేస్తే చాలు ఆయాసం.. నాకు ఇమ్యూనిటీ తక్కువా?

ప్రశ్న: నా వయసు 34. చిన్నప్పటి నుంచి ఆస్తమా ఉంది. మామూలు రోజుల్లో బాగానే ఉంటాను కాబట్టి ఇన్‌హేలర్ ఆపేస్తాను. జలుబు చేసిందంటే మాత్రం రెండు మూడు రోజుల్లో ఛాతీలోకి దిగి ఆయాసం, పిల్లికూతలు మొదలవుతాయి. ప్రతిసారీ యాంటీబయాటిక్స్ వాడుతున్నా దగ్గు వారాల తరబడి వదలదు. ఇమ్యూనిటీ పెరగడానికి మందులు వాడాలా?

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీ ఇమ్యూనిటీ తక్కువగా ఉన్నట్టు అనిపించడం లేదు. అది పనిచేసే తీరులోనే తేడా ఉంది. జలుబు చేయించే వైరస్‌లలో రైనోవైరస్ ముఖ్యమైనది. అది శ్వాసనాళాల లోపొరలోకి చేరగానే అక్కడి కణాలు ఇంటర్‌ఫెరాన్ అనే రక్షణ పదార్థాన్ని విడుదల చేయాలి. ఆస్తమా ఉన్న కొందరిలో ఇది ఆలస్యంగా, తక్కువగా వస్తుంది. మరోవైపు ఎలర్జీకి సంబంధించిన స్పందన మాత్రం అవసరానికి మించి చెలరేగుతుంది. ఇయోసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు అక్కడికి చేరి, నాళాలు వాచి, కళ్లె పేరుకుని, చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. ఇంట్లో మిగతావాళ్లకు ముక్కుతో పోయే జలుబు మీకు ఛాతీలోకి దిగేది ఇందుకే. వైరస్ పోయినా వాపు వెంటనే తగ్గదు, అందుకే ఆ దగ్గు.

ఈ వాపు మీరు బాగున్న రోజుల్లో కూడా లోలోపల కొంత ఉంటుంది. జలుబు దాన్ని రాజేస్తుంది. మీ విషయంలో నన్ను కలవరపెట్టేది ఇన్‌హేలర్ ఆపేయడమే. వాపును అదుపులో ఉంచే స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌ను రోజూ వాడితే జలుబు చేసినా ఇంత తీవ్రం కాకుండా చాలావరకు కాపాడుకోవచ్చు. స్టెరాయిడ్ అనగానే చాలామందికి టెన్షన్. కానీ ఇన్‌హేలర్ డోసు మైక్రోగ్రాముల్లో, అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతుల్లో ఉంటుంది. ఆయాసం ముదిరాక మింగాల్సి వచ్చే స్టెరాయిడ్ మాత్రలు రోజుకు 30, 40 మిల్లీగ్రాములు! భయపడాల్సింది దేనికో మీరే ఆలోచించండి. పీల్చాక నోరు పుక్కిలిస్తే నోట్లో ఫంగస్ రాకుండా ఉంటుంది.

యాంటీబయాటిక్స్ వైరస్ మీద పనిచేయవు. కళ్లె పసుపుగానో పచ్చగానో ఉందని కూడా వాటిని మొదలుపెట్టకండి, తెల్ల రక్తకణాల వల్ల కూడా ఆ రంగు వస్తుంది. న్యుమోనియా అని డాక్టర్ తేలిస్తే అది వేరే సంగతి. ఇక ఇమ్యూనిటీ పెంచుతామనే పొడులు, మాత్రల మీద డబ్బు పెట్టొద్దు. ఆస్తమాలో అవి మేలు చేస్తాయనడానికి నమ్మదగిన రుజువు లేదు. దానికి బదులు ఏటా ఫ్లూ టీకా వేయించుకోండి. న్యుమోనియా మళ్లీ మళ్లీ వస్తుంటే మాత్రం ఇమ్యునోగ్లోబ్యులిన్ (రక్తంలోని యాంటీబాడీల) పరీక్షలు అవసరమవుతాయి.

జలుబు మొదలైన రోజు నుంచి ఏ మందు ఎంత పెంచాలో మీ డాక్టర్‌తో ముందే కాగితం మీద రాయించుకోండి. రిలీవర్ (ఆయాసం వచ్చినప్పుడు వెంటనే ఉపశమనం ఇచ్చే ఇన్‌హేలర్) పీల్చిన 3, 4 గంటల్లోపే మళ్లీ అవసరమైతే అదే రోజు డాక్టర్‌ను కలవండి. ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోయినా, పెదాలు నీలంగా మారినా క్షణం ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి, దారిలో రిలీవర్ వాడుతూనే ఉండాలి.