రెడీమేడ్ పీడీఏ పొడి వాడుతున్నాను. ఫంగస్ దూదిలా పెరుగుతోంది కానీ స్పోర్లు (విత్తనాల్లాంటి కణాలు) రావట్లేదు, మీడియం (ఫంగస్‌ను పెంచే ఆహారం) మార్చాలా?

మార్చండి. పీడీఏ అంటే పొటాటో డెక్స్‌ట్రోజ్ అగర్, అంటే బంగాళాదుంప సారం, చక్కెర, గట్టిపరిచే అగర్ కలిసిన మీడియం. మీరు వాడుతున్నది దాని రెడీమేడ్ పొడి అన్నారు కదా, దాన్ని పక్కన పెట్టి బంగాళాదుంపలు ఉడికించి మీరే చేసుకోండి.

ఎమ్మెస్సీలో నేను మిరప కాయకుళ్లు మీద పనిచేశాను. గుంటూరు వైపు చేలలోంచి తెచ్చిన పండుకాయల మచ్చల నుంచి ఆ తెగులు తెచ్చే ఫంగస్ కొల్లెటోట్రైకం తీశాను. డబ్బా పొడితో పోసిన ప్లేట్లలో వారం తిరిగేసరికి తెల్లటి నూగు అంచుదాకా పాకింది. మైక్రోస్కోపులో చూస్తే అన్నీ దారాలే, స్పోరు ఒక్కటీ లేదు. స్పోర్లు లేకుండా కాయలకు ఇనాక్యులేషన్ (కావాలని తెగులు అంటించడం) ఎలా చేస్తాం? రెండు నెలలు ఆ టెన్షన్‌తోనే గడిచాయి. చివరికి మా ల్యాబ్ అసిస్టెంట్ గారు, "అమ్మా, రైతుబజారుకెళ్లి పావుకిలో దుంపలు పట్టుకురా" అన్నారు.

తొక్క తీసి, ముక్కలు కోసి 200 గ్రాములు తూచాం. అర లీటరు నీళ్లలో మెత్తబడేదాకా ఉడికించి పల్చటి గుడ్డలో వడకట్టాం. నేను గుడ్డ పిండబోతే, "పిండకమ్మా, దానంతటదే కారనీ" అన్నారు. ఆ నీళ్లలో 20 గ్రాముల డెక్స్‌ట్రోజ్, 20 గ్రాముల అగర్ వేసి, నీళ్లు పోసి లీటరుకు సరిచేసి, ఆటోక్లేవ్‌లో (ఆవిరి ఒత్తిడితో క్రిములను చంపే యంత్రం) 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర 20 నిమిషాలు ఉంచాం. ఇంక్యుబేటర్లో చోటు లేక ప్లేట్లను కిటికీ దగ్గర బల్ల మీద పెట్టాం. ఎనిమిదో రోజు మూత తీయకుండానే కనిపించాయి: వలయాలు వలయాలుగా, ఆవగింజ కన్నా చిన్నవి, తడిగా మెరిసే నారింజరంగు చుక్కలు. ఒక్క చుక్క నీళ్లలో కలిపి చూస్తే స్లైడు నిండా స్పోర్లే. కిటికీ వెలుతురు కూడా సాయం చేసే ఉంటుంది. అయినా అది దుంప చలవే అని నా గట్టి నమ్మకం.

పొడి డబ్బా మీద లీటరుకు 39 గ్రాములు అని ఉంటుంది. అందులో దుంప సారం 4 గ్రాములే. అది 200 గ్రాముల దుంపలకు సమానమంటే నా మనసు ఒప్పుకోదు. పైగా మూత సరిగ్గా బిగించక, తేమ పట్టి గడ్డకట్టిన పొడినే చెంచాతో పొడిచి వాడుతుంటారు. విద్యార్థుల చేత దుంప ఉడికించే పని మాన్పించేశారు, అది నాకు నిజంగా బాధ.

అన్నట్టు, బ్యాక్టీరియా రాకుండా టార్టారిక్ ఆమ్లం కలిపేట్టయితే ఆటోక్లేవ్ అయ్యాక, ప్లేట్లలో పోసే ముందు కలపండి. ముందే కలిపి వేడిచేస్తే అగర్ సరిగ్గా గట్టిపడదు. ఆకుపచ్చబారిన దుంపలు మాత్రం కొనకండి.