ఊళ్ళో గొడవలో తండ్రి పోతే పసివాళ్ళకి ఆ మాట చెప్పాలా?

"మా ఊళ్ళో కొట్లాటలో ఒకతను చనిపోయాడు. ఇంట్లో చిన్నపిల్లలున్నారు. వాళ్ళకి ఏం చెప్పాలి?" అని అడిగారు. చనిపోయాడనే చెప్పండి. ఆ మాటతోనే, ఆ రోజే. విజయనగరం జిల్లాలో ముప్ఫయ్యేళ్ళు చిన్న తరగతులకి పాఠాలు చెప్పినవాణ్ణి, ఈ ఒక్క విషయంలో ఎవరు ఎన్ని చెప్పినా వినను.

చంపావతి ఒడ్డున ఒక ఊళ్ళో పనిచేస్తున్నప్పుడు పంచాయతీ కక్షలు ముదిరి రెండు వర్గాలు కర్రలు పట్టుకున్నాయి. మా రెండో తరగతి పిల్లాడి తండ్రి పోయాడు. ఇంట్లోవాళ్ళు వాడికి ఊరెళ్ళాడని చెప్పారు. పెద్దకర్మ అయ్యాక బడికొచ్చిన గుంటడు ఇంటర్వెల్‌లో నా కుర్చీ దగ్గరకొచ్చి, "మాస్టారూ, మా నాన్న ఇశాపట్నం ఎల్నాడంట. మరి సెప్పులు అరుగు కిందే ఉండిపోనాయేటి?" అన్నాడు. నల్ల రబ్బరు చెప్పులు. ఒకదానికి పట్టీ ఊడితే పిన్నీసు పెట్టారు. ఆ పిన్నీసు సంగతి కూడా వాడే చెప్పాడు.

సాయంత్రం వాడితో ఇంటికెళ్ళాను. "పసోడు తట్టుకోలేడు మాస్టారూ" అని మేనమామ అడ్డుపడ్డాడు. చివరికి వాళ్ళమ్మే ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పింది. వాడు ఏడవలేదు. చాలాసేపటికి, "నాను పకోడీలు తెమ్మన్నాననే గదా సెంటర్‌కి ఎల్నాడు?" అన్నాడు. అన్ని రోజులూ ఆ మాట లోపల పెట్టుకుని తిరిగాడు! "నీ వల్ల కాదు నాన్నా, కొట్టినోళ్ళ వల్ల" అని తల్లి అన్నాకే బావురుమన్నాడు.

రాత్రిళ్ళు పక్క తడిపేవాడు. అమ్మవారి పండక్కి బాంబులు పేలితే మంచం కిందకి దూరేవాడు. దానికి తిట్టొద్దని, దెబ్బ తిన్న పిల్లలు కొన్నాళ్ళు అలాగే ఉంటారని వాళ్ళమ్మకి చెప్పాను. చెప్పులు తీసేద్దామని మేనమామ అంటే వాణ్ణే తియ్యనివ్వమన్నాను. సంక్రాంతికి అరుగు అలికేటప్పుడు వాడే తీసి అటక మీద పెట్టాడు.

నాకు ఒళ్ళు మండేది పరామర్శకొచ్చే పెద్దమనుషుల్ని చూస్తే. "ఇంటికి మగాడివి నువ్వే", "పెద్దయ్యాక వాళ్ళ సంగతి చూడాల" అని ఏడేళ్ళ పిల్లాడితో అంటారా? కుర్రాళ్ళు ఫోన్లో కొట్లాట వీడియో వాడి ముందే చూసుకునేవారు. అదే తరగతిలో అవతలి వర్గం పిల్ల ఒకతె ఉంది, వాళ్ళ బాబాయి జైల్లో ఉన్నాడు. దాన్ని వేరే బడికి పంపెయ్యమని ఊరంతా నా మీద పడ్డారు. పంపలేదు. ఆ పిల్లకి మాత్రం నిద్ర పడుతోందా? ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోమని బలవంతపెట్టలేదు, అంతే.

ఇంకో సంగతి. బాధిత కుటుంబానికి పరిహారం కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి అర్జీ పెట్టుకోవచ్చని ఆ తల్లికి నెలల తరబడి ఎవరూ చెప్పలేదు. కొట్టినవాడెవరో తేలకపోయినా, కోర్టులో విచారణే జరక్కపోయినా పెట్టుకోవచ్చు. అప్పుడది నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ)లో సెక్షన్ 357ఏ, 2024 జులై నుంచి దాని బదులు వచ్చిన కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో సెక్షన్ 396. ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం, మరణ ధ్రువపత్రం నకళ్ళు దగ్గర పెట్టుకోమనండి. పిల్లాడు నెలలు గడిచినా తిండి మానేసి, మాట మానేసి ఉంటే 14416కి ఫోన్ చెయ్యండి. అది టెలీ మానస్, మానసిక ఇబ్బందులకి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. ఆ తల్లి చేత కూడా ఒకసారి మాట్లాడించండి.