పట్టా కప్పినా సరుకు ఎగిరిపోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: నాకు చిన్న ట్రాలీ వాహనం ఉంది. ఇళ్ల మరమ్మతుల శిథిలాలు, పాత అట్టపెట్టెలు చేరవేస్తుంటాను. పైన పట్టా కప్పి తాడు కట్టినా ఖాళీ సిమెంటు సంచులు, కవర్లు దారిపొడవునా ఎగిరిపోతున్నాయి. వెనక బైకుల మీద వచ్చేవారు ఆపి నిలదీస్తున్నారు. బరువు పరిమితి దాటనప్పుడు ఇది నా తప్పవుతుందా? ఎలా కట్టుకోవాలి?
– ఒక పాఠకుడు, తాడేపల్లిగూడెం

జవాబు: బరువు ఒక్కటే లెక్క కాదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం సరుకు తొట్టికి పక్కలకుగాని, ముందుకు, వెనక్కుగాని పొడుచుకువచ్చినా, అనుమతించిన ఎత్తు దాటినా 20,000 రూపాయల జరిమానా ఉంది. అది నడిపినవారికే కాక, అలా నడపనిచ్చిన యజమానికీ వర్తిస్తుంది. గాలిలో ధూళి పరిమితి మించిన నగరాలలో నిర్మాణ సామగ్రిని, శిథిలాలను కప్పకుండా తీసుకువెళ్లడాన్ని పర్యావరణ పరిరక్షణ నియమాలకు 2018లో వచ్చిన సవరణ నిషేధించింది. చట్టం సంగతి అలా ఉంచినా, కళ్లెదుట సంచి వచ్చి పడితే బైకు నడిపేవారు ఏమవుతారో మీకు తెలియనిది కాదు. వారి కోపం న్యాయమైనదే.

ఇక అసలు విషయం. రాళ్లూ ఇటుక ముక్కలూ సాధారణంగా కదలవు. ఎగిరేవి పైన పడేసిన తేలిక సరుకులే. వేగం రెట్టింపైతే గాలి తోపు నాలుగింతలవుతుంది కనుక, గంటకు 30 కిలోమీటర్ల వేగంలో కదలని సంచి మీద 60లో నాలుగింతల బలం పడుతుంది. అందువల్ల సంచులను, కవర్లను ముందుగా ఒక పెద్ద గోతంలో కుక్కి మూతి కట్టి అడుగున పెట్టండి, వాటిపై శిథిలాలు పోయండి. అట్టపెట్టెలను విప్పి, చదును చేసి, కట్టలుగా కట్టండి. సరుకు తొట్టి అంచు కంటే కొంత తక్కువగానే ఉండాలి.

పట్టా కప్పడంలో చాలామంది ముందు అంచును వదిలేస్తారు. క్యాబిన్ వైపు అంచు కిందికి గాలి దూరిందంటే పట్టా ఉబ్బి కొట్టుకుంటుంది, కొక్కేలు తెగుతాయి, ఆ తర్వాత తాడు ఎంత బిగించినా ప్రయోజనం ఉండదు. కాబట్టి ముందు అంచును లోపలికి మడిచి, మొదట అక్కడే కట్టండి. రెండు పట్టాలు వాడితే ముందుది వెనకదాని మీదికి రావాలి. చిరుగులున్న పట్టా ఉన్నా లేనట్టే. అట్టల కట్టలకు పైన బిగువైన వల కూడా వేయడం మేలు. శిథిలాలు కుదుపులకు సర్దుకుని కట్టు వదులవుతుంది గనుక, బయలుదేరిన కాసేపటికి ఒకసారి ఆగి తాళ్లు బిగించాలి.

దింపేసిన తర్వాత కూడా ఒక పని ఉంది: తొట్టిని చీపురుతో ఊడ్చి, మిగిలిన కవర్లను గోతంలో వేసుకోవాలి. తిరుగు ప్రయాణంలో ఖాళీ తొట్టిలో సుళ్లు తిరిగే గాలి వాటినే లేపుతుంది, పైగా అప్పుడు వేగమూ ఎక్కువే. ఇంతా చేసినా జాతీయ రహదారిపై బరువైనదేదైనా పడితే, దాన్ని తీయడానికి వాహనాల మధ్యకు పరుగెత్తకుండా పక్కకు ఆగి జాతీయ రహదారుల సహాయ నంబరు 1033కు ఫోన్ చేయండి.